కంపెనీ 4 జీబీ చాలంది, మరి ఎందుకు చాలదు?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మర్నాడు పొద్దున ఆ కంప్యూటర్లేమీ మొరాయించలేదు, ఎప్పటిలాగే తెరుచుకున్నాయి. కాకపోతే ఇకమీదట ఏ భద్రతా లోపం బయటపడ్డా దానికి మరమ్మతు దానంతటదే వచ్చి చేరదు. అందుకే ఆరేడేళ్ల కిందటి ల్యాప్‌టాప్ ఉన్న ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో, ట్యూషన్ సెంటర్లలో ఇప్పుడు ఒకటే ప్రశ్న: విండోస్ 11 ఎక్కించెయ్యమంటారా?

దీనికి తిరిగి అడగాల్సినవి మూడున్నాయి. ర్యామ్ ఎంత, సి డ్రైవ్‌లో ఖాళీ ఎంత, డిస్క్ ఆరోగ్యం ఎలా ఉంది? మొదటి రెండూ చాలామంది చెప్పేస్తారు. మూడోది అడిగేసరికి తెల్లమొహం వేస్తారు. కొంప ముంచేది ఎక్కువగా ఆ మూడోదే.

ఎక్కించాక చూసుకోవచ్చుగా, ముందే ఎందుకు?

మామూలు ప్రోగ్రామైతే అలాగే చూసుకోవచ్చు. నచ్చకపోతే తీసేస్తాం, మెషీన్ ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి వేరు. అప్‌గ్రేడ్ జరిగే గంటా రెండు గంటల్లో పాత విండోస్ పక్కకు జరుగుతుంది, కొత్తది దాని స్థానంలోకి వస్తుంది, మీ ప్రోగ్రాములూ సెట్టింగ్సూ డ్రైవర్లూ కొత్తదానికి అప్పగింత అవుతాయి. కంప్యూటర్ కొన్నిసార్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యకాలంలో మీ మెషీన్‌లో ఉన్నది విండోస్ 10 కాదు, 11 కూడా కాదు.

ఏది తక్కువైతే ఏమవుతుందో విడివిడిగా తెలుసుకోవాలి. ర్యామ్ కనీసపు అంకెకు సరిపోయి, పనికి మాత్రం చాలకపోతే అప్‌గ్రేడ్ ఆగదు. శుభ్రంగా పూర్తవుతుంది, ఆ తర్వాత రోజూ ఏడిపిస్తుంది. ఖాళీ తక్కువైతే అప్‌గ్రేడే ఆగుతుంది. సాధారణంగా నష్టమేమీ ఉండదు, వెనక్కి తిరిగి పాత విండోస్‌కే వస్తుంది. డిస్క్ పాడై ఉంటే మాత్రం ముందుకు పోలేదు, వెనక్కీ రాలేదు. వెనక్కి రావడానికి కావలసిన పాత ఫైళ్లు ఉన్నది కూడా ఆ డిస్క్ మీదే కదా. మూడూ చూడమనేది అందుకే, అయితే మూడింటికీ ఒకే బరువు ఇవ్వక్కర్లేదు.

4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ చాలని కంపెనీయే చెప్పింది. అది అబద్ధమా?

అబద్ధం కాదు, బొటాబొటి లెక్క. ఈ కనీసపు అంకెలు ఎప్పుడూ అంతే. 1995లో విండోస్ 95కి 4 ఎంబీ ర్యామ్ చాలన్నారు. 4 ఎంబీలో అది తెరుచుకునేది, ఆపైన ఏం తెరిచినా హార్డ్ డిస్క్ గరగరలాడుతూనే ఉండేది. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి 64 ఎంబీ కనీసం, 128 ఉంటే మేలన్నారు. విస్టాకు 512 ఎంబీ. 2009లో విండోస్ 7కి 1 జీబీ, 64 బిట్ అయితే 2. విచిత్రమేమిటంటే 2015లో విండోస్ 10 వచ్చినప్పుడూ అవే అంకెలు ఉంచేశారు. ఆ ఆరేళ్లలో వెబ్ పేజీలు ఎంత బరువెక్కాయో తెలిసినవాళ్లకు ఆ అంకెలు చూస్తే నవ్వొస్తుంది. 2021 అక్టోబర్ 5న వచ్చిన విండోస్ 11 దాన్ని 4 జీబీ చేసింది.

కనీసం అనే అంకెలో ఇంజినీర్ల లెక్కతోపాటు అమ్మకాల లెక్క కూడా ఉంటుంది. 2006లో విస్టా ఇంకా బజారులోకి రాకముందే అమెరికా దుకాణాల్లోని కంప్యూటర్ల మీద ‘విస్టా కేపబుల్’ అన్న స్టిక్కర్లు వెలిశాయి. వాటిలో చాలా మెషీన్లు విస్టాలో అట్టడుగు రకమైన హోమ్ బేసిక్‌ని మాత్రమే నడపగలిగేవి. ప్రచారంలో చూపించిన, ‘ఏరో’ అనే తెర తళుకులు వాటిలో రావు. 2007లో సియాటిల్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. ఆ కేసు పుణ్యమా అని బయటికొచ్చిన కంపెనీ అంతర్గత ఈమెయిళ్లలో, ఇంటెల్ 915 చిప్‌సెట్ ఉన్న మెషీన్లు జాబితాలోంచి జారిపోకుండా నియమం సడలించిన ముచ్చట కనిపించింది. 2009లో ఆ దావాకు కొనుగోలుదారులందరి తరఫు దావా అన్న హోదా పోయి కేసు నీరుగారిపోయింది. స్టిక్కర్ మీది మాట ఎలా తయారవుతుందో మాత్రం లోకానికి తెలిసింది.

కాబట్టి 4 జీబీ అంటే ఎక్కించడానికి అభ్యంతరం లేదని మాత్రమే. బ్రౌజర్‌లో పది ట్యాబులు, పక్కన వాట్సాప్, ఒక ఎక్సెల్ షీటు, వెనకాల యాంటీవైరస్: ఇదీ మనవాళ్ల మామూలు రోజు. విండోస్ 11 ఉన్న 8 జీబీ మెషీన్‌లో ఏమీ తెరవకుండానే 3 జీబీ దాటి వాడకం కనిపించడం మామూలే. ఈ రోజుకి 8 జీబీ ఉండాలి. 16 ఉంటే చాలాకాలం ఆ ఊసెత్తనక్కర్లేదు. 4 జీబీ మెషీన్ మీద విండోస్ 11 ఎక్కించమని నేనెవరికీ చెప్పను. ఎక్కుతుంది, నిజమే. ఆ తర్వాత మీకూ దానికీ పడదు.

టీపీఎం 2.0 చిప్, సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే 8వ తరం నుంచి పైన, ఏఎండీ రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి పైన అనే షరతులు వేరే ఉన్నాయి. వీటి గురించి తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే చిన్న ప్రోగ్రామ్ రెండు నిమిషాల్లో అవునో కాదో చెప్పేస్తుంది. మీ పని హాయిగా సాగుతుందా లేదా అనేది మాత్రం అది చెప్పలేదు.

ర్యామ్ సంగతి ఎక్కడ, ఎలా చూడాలి?

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అట్టడుగున అబౌట్. ‘ఇన్‌స్టాల్డ్ ర్యామ్’ అన్న వరుస ఉంటుంది. 8 జీబీ అని రాసి, పక్కన వాడుకోదగ్గది 7.8 అనో, ఇంకా తక్కువనో చూపిస్తే అమ్మినవాడు మోసం చేశాడనుకోవద్దు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో తెర మీద బొమ్మ గీసే చిప్ కొంత ర్యామ్‌ని తనకోసం అట్టిపెట్టుకుంటుంది.

అదే పేజీలో ‘సిస్టమ్ టైప్’ కూడా చూడండి. అక్కడ 32 బిట్ అని ఉంటే కథ మారిపోతుంది. 32 బిట్ అంకెలతో లెక్కించగలిగే చిరునామాలు 429 కోట్ల చిల్లర, అంటే 4 జీబీ. అంతకు మించిన బైట్లకు ఇవ్వడానికి దాని దగ్గర నంబర్లే లేవు. అందులోనూ పరికరాల వాటా పోగా మీ చేతికొచ్చేది మూడు, మూడున్నర జీబీ. 8 జీబీ స్టిక్కు కొని పెట్టినా మిగతాది వృథాగా పడి ఉంటుంది. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. పైగా 32 బిట్ నుంచి 64 బిట్‌కి ప్రోగ్రాములు ఉన్నవి ఉన్నట్టుగా అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, తుడిచి కొత్తగా ఎక్కించాల్సిందే. డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రో బిల్లింగ్‌తో నెట్టుకొస్తున్న దుకాణాలకు ఇందులో ఇంకో చిక్కుంది. ఆ 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో కదలవు. వాళ్లు పాతదాన్ని పట్టుకు వేలాడుతున్నది బద్ధకం వల్ల కాదు.

ఎంత ఉందన్నదాని కన్నా ఎంత చాలుతోందన్నది ముఖ్యం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గరికి వెళ్లండి. పొద్దున్నే మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు చూసి లాభం లేదు. పని నెత్తి మీదికొచ్చి అన్నీ తెరిచి ఉన్న గంటలో చూడాలి. అక్కడ ‘కమిటెడ్’ అని రెండు అంకెలు కనబడతాయి. ప్రోగ్రాములన్నీ కలిసి మాకింత కావాలని రాయించుకున్న మొత్తం మొదటిది, విండోస్ ఇవ్వగలనన్న గరిష్ఠం రెండోది. మొదటి అంకె మీ ర్యామ్ కన్నా బాగా పైన నిలబడి ఉంటే, విండోస్ ఇప్పటికే కొంత సరుకుని డిస్క్ మీది పేజ్ ఫైల్‌లోకి దించి నెట్టుకొస్తోందనుకోవచ్చు. ‘క్యాష్డ్’ అన్న అంకె పెద్దగా ఉంటే కంగారు వద్దు. ఇటీవల వాడిన ఫైళ్లను ఎందుకైనా మంచిదని ర్యామ్‌లో ఉంచుకున్న వాటా అది, ఎవరైనా అడగ్గానే వదిలేస్తుంది. ర్యామ్ ఖాళీ చేసిపెడతామని ఊరించే బూస్టర్ ప్రోగ్రాములు చేసేది ఈ పనికొచ్చే సరుకుని పారెయ్యడమే. వాటి జోలికి పోకండి.

అదే పేజీలో స్లాట్లు ఎన్ని, వాడినవి ఎన్ని అని కూడా ఉంటుంది. రెండింటిలో ఒకటే వాడినట్టుంటే మీ అదృష్టం, రెండో స్టిక్కు కొనుక్కోవచ్చు. పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, పెంచడం కుదరదు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఒకటి పట్టవు, గాటు వేరేచోట ఉంటుంది. అందుకని సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లినా, మీ ఊళ్లో షాపుకు వెళ్లినా మోడల్ నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ సర్వర్ల కోసం చిప్ కంపెనీలు అటు మళ్లడమే కారణం. కాబట్టి ఒక్కదానికే డబ్బుంటే ఏది కొనాలన్న ప్రశ్న ఇప్పుడు నిజంగా వస్తోంది. 4 జీబీ ఉంటే ముందు ర్యామ్. 8 జీబీ ఉండి, లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉంటే కళ్లు మూసుకుని ఎస్‌ఎస్‌డీ.

ఎక్కించడానికి అంత ఖాళీ ఎందుకు? పాతది తీసేసి ఆ చోట్లోనే పెట్టొచ్చుగా?

పాత ఇంట్లో కాపురం ఉంటూనే అదే స్థలంలో కొత్త ఇల్లు కట్టుకోవడం లాంటిది ఈ పని. కొత్తది నిలబడే వరకు పాతది పడగొట్టరు. దిగాక నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి కూడా కొన్నాళ్లు దాన్ని అలాగే ఉంచుతారు. ఇటుకలూ ఇసుకా దింపుకోవడానికి వేరే చోటు కావాలి.

లెక్క చూద్దాం. దించుకునే ఫైలే 5 జీబీ పైన. దాన్ని విప్పితే ఏర్పడే కొత్త విండోస్ 20 జీబీ పైనే. పాత విండోస్ పోదు, ‘విండోస్ డాట్ ఓల్డ్’ అన్న ఫోల్డర్‌లోకి జరుగుతుంది. దాని బరువు 15 నుంచి 25 జీబీ దాకా ఉండటం మామూలే. అంటే కొంతకాలం రెండు విండోస్‌లు ఒకే డ్రైవ్‌లో ఉంటాయి. సి డ్రైవ్‌లో 30 జీబీ ఖాళీ లేకుండా మొదలుపెట్టొద్దంటాను. 20తో గట్టెక్కినవాళ్లున్నారు, సగంలో చివర 80070070 అన్న అంకెలతో ఎర్రర్ చూసి వెనక్కొచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ అంకెలకు అర్థం డిస్క్‌లో చోటు లేదనే.

ఇక్కడ చాలామందికి ఒక అనవసరపు భయం. నా ఫొటోలూ వీడియోలూ 200 జీబీ ఉన్నాయి, వాటికీ రెట్టింపు చోటు కావాలా అని. అక్కర్లేదు. ఒకే డ్రైవ్‌లో ఫైల్‌ని ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి జరిపితే డిస్క్ మీద ఆ ఫైల్ కదలదు. అది ఎక్కడుందో చెప్పే చిట్టాలో ఒక గీత మారుతుందంతే. చోటు కావాల్సింది విండోస్‌కి, మీ సామానుకి కాదు.

64 జీబీ అని అమ్మిన చిన్న ల్యాప్‌టాప్‌లో 58, 59 మాత్రమే కనబడటం కూడా మోసం కాదు. తయారీదారుడు 1 జీబీ అంటే సరిగ్గా వంద కోట్ల బైట్లంటాడు. విండోస్ 107 కోట్ల 37 లక్షల చిల్లరని 1 జీబీగా లెక్కేస్తుంది. 64 కాస్తా 59.6 అవుతుంది, కంటికి కనబడని చిన్న పార్టిషన్లు ఇంకొంత పట్టుకుపోతాయి. 1 టీబీ డిస్క్ 931 జీబీగా కనబడేదీ ఇందుకే. కనీసం 64 అన్న గీత దగ్గర ఈ చిన్న మెషీన్లు అంచు మీద ఉన్నట్టు. పరీక్షలో నెగ్గినా వాటి జోలికి పోకపోవడమే మంచిది.

సి ఎర్రబడింది, డి ఖాళీగా ఉంది. డిలోంచి కొంత చోటు ఇవ్వొచ్చా?

మన దగ్గర అసెంబ్లర్ల అలవాటు ఇది. 1 టీబీ డిస్క్ పెట్టి సికి 100 జీబీ ఇచ్చి, మిగతాది డి, ఈ అని పంచుతారు. ఫార్మాట్ చేయాల్సొస్తే సి మాత్రమే పోతుంది, మీ ఫైళ్లు డిలో భద్రం అన్నది వాళ్ల వాదన. అప్పట్లో అది మంచి వాదనే. కానీ ఏళ్ల తరబడి ప్రోగ్రాములు, వాట్సాప్ దించిన వీడియోలు, డెస్క్‌టాప్ మీద పోగేసిన ఫైళ్లు అన్నీ సిలోనే చేరతాయి. పది శాతం కన్నా తక్కువ ఖాళీ ఉన్నప్పుడు ఆ గీత ఎర్రబడుతుంది.

డిని కాస్త కుదించి ఆ చోటు సికి కలిపేద్దామని అందరికీ తోస్తుంది. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ అందుకు ఒప్పుకోదు. సికి కుడిపక్కన ఆనుకుని ఉన్న ఖాళీ చోటునే అది కలపగలదు. డిని కుదిస్తే ఖాళీ డి చివర్న పడుతుంది, సికి అందదు. డిని పూర్తిగా తీసేస్తే చోటు పక్కకొస్తుంది గానీ డిలోని సరుకంతా పోతుంది. మధ్యలో రికవరీ పార్టిషన్ అడ్డుంటే అదీ కుదరదు. పార్టిషన్లని జరిపే బయటి ప్రోగ్రాములున్నాయి, పనిచేస్తాయి కూడా. కాని ఆ జరిపే గంటలో కరెంటు పోతే దిక్కులేదు. వాటికన్నా సి లోంచి సామాను డికి మోయడం మేలు.

ఏం మోయాలి? సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజీ తెరిస్తే ఎవరు ఎంత తిన్నారో వరుసగా చూపిస్తుంది. చాలా ఇళ్లలో మొదటి దొంగ డౌన్‌లోడ్స్ ఫోల్డర్. ఎప్పుడో దించి ఒకసారి వాడి మరిచిపోయిన సెటప్ ఫైళ్లు, ఒకే పీడీఎఫ్ నాలుగు కాపీలు అందులోనే ఉంటాయి. సిలోంచి చెరిపినవి రీసైకిల్ బిన్‌లో ఉన్నంతకాలం సి చోటు తింటూనే ఉంటాయని గుర్తుంచుకోండి. టెంపరరీ ఫైళ్లను తుడిచేటప్పుడు ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ పక్కన టిక్కు పడిందేమో ఒక్కసారి చూసి మరీ నొక్కండి. అక్కడ పొరబాటున పోగొట్టుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. హైబర్నేషన్ కోసం విండోస్ దాచుకునే ఫైల్ మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, 8 జీబీ మెషీన్‌లో 3 జీబీ పైన. హైబర్నేట్ వాడనివాళ్లు దాన్ని ఆపేస్తే అంత చోటూ దొరుకుతుంది.

విండోస్ ఫోల్డర్ లోపల చేత్తో ఏదీ చెరపొద్దు. అందులో ‘విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్’ అన్న ఫోల్డర్ పది జీబీ పైన చూపించి చాలామంది చేతులకు దురద పుట్టిస్తుంది. అందులోని ఫైళ్లలో చాలావాటికి రెండు చోట్ల పేర్లున్నాయి, సరుకు ఒకటే. లెక్క రెండుసార్లు పడుతుంది. అది చెరిపితే చోటు పెద్దగా రాదు, విండోస్ మాత్రం పోతుంది.

సి నిండా ఖాళీ ఉన్నా అప్‌డేట్ చోటు లేదంటుంది. ఎందుకు?

చోటు అవసరమైంది సి కాదు కాబట్టి. డిస్క్ మొదట్లో మెషీన్ తెరుచుకోవడానికి కావలసిన చిన్న పార్టిషన్ ఉంటుంది, సాధారణంగా 100 ఎంబీ. చివర్నో మధ్యలోనో రికవరీ పార్టిషన్ ఉంటుంది. ఈ రెండూ ఎక్స్‌ప్లోరర్‌లో కనబడవు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనబడతాయి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన కేబీ5034441 అనే భద్రతా అప్‌డేట్ విండోస్ 10 మెషీన్లలో పెద్ద ఎత్తున విఫలమైంది. కారణం రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. సిలో 300 జీబీ ఖాళీ ఉన్నవాళ్లకీ అదే ఎర్రర్. ఎర్రర్ సందేశం అసలు కారణం చెప్పకపోవడంతో జనం రోజుల తరబడి సి శుభ్రం చేసుకున్నారు. ‘సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్’ని అప్‌డేట్ చేయలేకపోయామన్న సందేశం వస్తే మీరూ అటువైపు చూడండి. దాన్ని సరిచేయడం ఇంట్లో కూర్చుని నేర్చుకోవాల్సిన పని కాదు. ఒక్కోసారి తుడిచి కొత్తగా ఎక్కించుకోవడమే తేలిక.

డిస్క్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? మామూలుగానే నడుస్తోంది కదా?

మామూలుగా నడుస్తున్నట్టే ఉంటుంది. డిస్క్ మీద పాడైన చోటు మీరు ఎన్నడూ తెరవని ఫైల్ కింద ఉంటే అది బయటపడదు. అప్‌గ్రేడ్ మాత్రం పదుల జీబీ ఫైళ్లను రాసి, చదివి, సరిపోల్చి చూస్తుంది. ఏడాదిగా బయటపడని లోపం ఆ గంటలో బయటపడుతుంది. అప్‌గ్రేడ్ చేశాక డిస్క్ పోయిందండీ అంటుంటారు. అంతకుముందే పోతున్న డిస్క్ అది.

డిస్కులు తమ ఆరోగ్యం తామే లెక్కరాసుకుంటాయి. ఈ ఏర్పాటు పేరు స్మార్ట్. ఆ లెక్క చదవడానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. నీలం ‘గుడ్’ అంటే సరే, పసుపు ‘కాషన్’ అంటే బ్యాకప్ తీసేదాకా ఇంకేమీ చేయకండి, ఎరుపు అంటే చెప్పక్కర్లేదు. తిరిగే హార్డ్ డిస్క్‌లో రెండు వరుసలు ప్రత్యేకంగా చూడాలి. ‘రీఅలకేటెడ్ సెక్టర్లు’ అంటే పాడైపోగా డిస్క్ తన దగ్గరున్న అదనపు చోటుతో మార్చుకున్నవి. ‘పెండింగ్ సెక్టర్లు’ అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, వాటి భవిష్యత్తు ఇంకా తేలనివి. రెండూ సున్నా ఉండాలి. మొదటిది చిన్న అంకె దగ్గర ఏళ్ల తరబడి నిలబడి ఉంటే బతకనివ్వొచ్చు. రెండోది సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టడం దండగ.

ఈ లెక్కల్ని ఎంతవరకు నమ్మొచ్చు? 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరి లక్ష పైచిలుకు డిస్కులను పరిశీలించి ఒక పరిశోధన పత్రం వెలువరించారు. డిస్క్ తనంతట తాను ఉపరితలాన్ని తడిమి చూసుకునేటప్పుడు మొదటి లోపం దొరికిన డిస్కులు, ఏ లోపమూ దొరకనివాటితో పోలిస్తే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు. అంటే హెచ్చరిక వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అదే పత్రంలో రెండో సగం ఇంకా ముఖ్యం. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, అంటే 56 శాతం పైన, ముఖ్యమైన నాలుగు లెక్కల్లో దేనిలోనూ ఏ గుర్తూ లేకుండానే చెడిపోయాయి. నీలం రంగు చూసి బ్యాకప్ మానేస్తే ఆ సగంలో మీరుండొచ్చు. ఎస్‌ఎస్‌డీలు కూడా చెప్పాపెట్టకుండా ఆగిపోతాయి, వాటిలో చూడాల్సింది మిగిలిన ఆయుష్షు శాతం.

ర్యామ్ కూడా చెడుతుంది, ఇది చాలామందికి తెలియదు. 2009లో గూగుల్ సర్వర్ల మీదే టొరంటో విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన అధ్యయనంలో ఏడాదిలో 8 శాతం పైన ర్యామ్ స్టిక్కుల్లో తప్పులు దొర్లాయి. సర్వర్లలో ఆ తప్పును పట్టుకునే ఏర్పాటు ఉంటుంది. మన ల్యాప్‌టాప్‌లో సాధారణంగా ఉండదు. అప్పుడప్పుడు నీలి తెర వచ్చి ఆగిపోవడం, విప్పుతున్న జిప్ ఫైల్ పాడైందనడం, బ్రౌజర్ ట్యాబ్ ఊరికే పడిపోవడం మీ మెషీన్‌లో ఉంటే, స్టార్ట్ మెనూలో ‘విండోస్ మెమరీ డయాగ్నస్టిక్’ అని వెతికి రాత్రి పడుకునే ముందు నడపండి. ఇంకా గట్టిగా చూడాలంటే పెన్ డ్రైవ్ నుంచి నడిచే మెమ్‌టెస్ట్86 ఉంది. ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్కు మార్చాల్సిందే. అప్‌గ్రేడ్‌లో ప్రతి ఫైలూ ర్యామ్ గుండానే డిస్క్‌కి చేరుతుంది మరి.

డి డ్రైవ్‌లో కాపీ పెట్టాను. అది బ్యాకప్ కాదా?

కాదు. సి, డి అన్నవి ఒకే డిస్క్ మీది రెండు గీతలు. డిస్క్ పోతే రెండూ పోతాయి. బ్యాకప్ అంటే తీగ పీకేసి అల్మరాలో పెట్టగలిగిన ఇంకో డిస్క్, లేదా క్లౌడ్.

అంతా సజావుగా ఉన్నా బ్యాకప్ ఎందుకంటే తప్పు కొత్త విండోస్‌లోనే ఉండొచ్చు. 2018 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 10 అప్‌డేట్ 1809 కొందరి ఫైళ్లను చెరిపేసింది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను డి డ్రైవ్‌కి మళ్లించుకుని, కొన్ని ఫైళ్లు మాత్రం పాత చోట్లోనే ఉండిపోయినవాళ్ల విషయంలో, ఆ పాత ఫోల్డర్‌ని అనవసరపు ఖాళీ ఫోల్డర్ అనుకుని తీసేసింది. విడుదలైన కొద్దిరోజులకే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్‌లో మళ్లీ వదిలింది. సి నిండిందని బుద్ధిగా ఫోల్డర్లు డికి మళ్లించుకున్నవాళ్లకే ఆ దెబ్బ తగలడం అన్యాయం.

డీటీపీ చేసేవాళ్లు ఫైళ్లతో పాటు ఫాంట్లు కూడా దాచుకోవాలి. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పుస్తకం ఆ ఫాంట్లు లేకపోతే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరుసగా కనబడుతుంది. పేజ్‌మేకర్ చివరి రకం 7.0 వచ్చింది 2001లో. కొత్త విండోస్‌లో అది నడుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ట్యాలీ వాడేవాళ్లు కంపెనీ డేటా ఫోల్డర్ ఎక్కడుందో చూసుకుని తీసుకోవాలి. డిస్క్ తాళం వేసే బిట్‌లాకర్ మీ మెషీన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కీ అడిగే సమయానికి ఆ కంప్యూటర్‌లో వెతకడం కుదరదు.

అన్నీ చూశాక మెషీన్ పనికిరాదని తేలితే?

వెంటనే కొత్తది కొనక్కర్లేదు. వ్యక్తిగత కంప్యూటర్లకు విండోస్ 10 భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించింది, కాకపోతే ఎవరికి వారు నమోదు చేసుకోవాలి. డబ్బు కట్టి చేరొచ్చు, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకునే పద్ధతిలో డబ్బు లేకుండానూ చేరొచ్చు. బ్రౌజర్, టైపింగ్, వీడియోలతో సరిపెట్టుకునే ఇంటికి లినక్స్ మింట్ చాలు, దాని కనీసపు అంకెలు 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్. అవీ బొటాబొటివే, 4 జీబీ ఉంటే నయం.

సరే, అన్నీ బాగున్నాయి. ఎప్పుడు మొదలుపెట్టాలి?

మర్నాడు పొద్దున్నే జీఎస్టీ రిటర్నో, పిల్లల ఆన్‌లైన్ పరీక్షో లేని రోజున. ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ నిజంగా ఎన్ని నిమిషాలు లాగుతోందో ముందురోజు ప్లగ్ తీసి చూడండి. పెన్ డ్రైవ్‌లూ, బయటి డిస్కులూ తీసేయండి, ముఖ్యంగా ఇప్పుడే బ్యాకప్ తీసిన డిస్క్.

పూర్తయ్యాక మొదటి పనిగా విండోస్ డాట్ ఓల్డ్‌ని చెరిపేసి చోటు సంపాదించొద్దు. వెనక్కి వెళ్లే దారి అదే, అది 10 రోజులే ఉంటుంది. ఆ 10 రోజుల్లోనే ప్రింటర్, స్కానర్, బ్యాంకు పనులకు వాడే డిజిటల్ సంతకం డాంగిల్, ట్యాలీ అన్నీ ఒక్కోసారైనా నడిపి చూడండి. ఏదైనా మొరాయిస్తే సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కండి. గడువు దాటాక విండోస్ ఆ ఫోల్డర్‌ని తనే తీసేస్తుంది. ఒకరోజు పొద్దున సి డ్రైవ్‌లో ఉన్నట్టుండి 20 జీబీ పెరిగి కనబడితే కారణం అదే.